పై దవడ ఎవరిది?

పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీ ఎక్కితే ఎంతటి మొనగాడైనా నోరు తెరవాల్సిందే. ఆ శుక్రవారం మధ్యాహ్నం డిటెక్టివ్ సి. అశ్వత్థనారాయణ ఆ కుర్చీలోనే కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, మిగతావాళ్ళ నోళ్ళు తెరిపించే పనిలో ఉన్నాడు.

"నాలుగు గంటలకి వీరాసామిని కోర్టులో నిలబెడతా, సి.ఎ.," అన్నాడు ఇన్‌స్పెక్టర్ శంకరన్, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మేనమామని కొట్టి చంపి, పడవల కొట్టంలో వేసి తగలబెట్టినాడు. ఆ తరవాత నువ్వు బ్రహ్మదేవుణ్ణి పిలుచుకోనొచ్చినా నా కేసు కదలదు."

"బ్రహ్మదేవుడెందుకు సార్? పళ్ళ డాక్టరు చాలు."

శంకరన్ పళ్ళు నూరాడు. వీళ్ళిద్దరికీ పడదు. మూడేళ్ళ కిందట కదిర్కామం దొంగతనం కేసులో పోయిన నగల మూట పోలీసు జీపు సీటు కిందే ఉందని పేపరువాళ్ళ ముందు బయటపెట్టింది అశ్వత్థనారాయణే. దొంగ దాన్ని అక్కడ దాచి మూడు రోజులు ఆ జీపులోనే స్టేషనుకీ కోర్టుకీ తిరిగాడు. ఊరు నెల్లాళ్ళు నవ్వింది. శంకరన్ ఆ నవ్వు మరిచిపోలేదు.

కానీ ఈసారి శంకరన్ చేతిలో కేసు ఉక్కులా ఉంది. బజారులో గుడ్డల వ్యాపారి భక్తవత్సలం మంగళవారం రాత్రి ఇంటికి రాలేదు. బుధవారం తెల్లవారేసరికి పిళ్ళైచావడి రేవులో ఓ కొట్టం కాలిపోయి, అందులో శవం దొరికింది. ముఖం లేదు. కింది దవడ నుజ్జునుజ్జయింది. ఉంగరం, గడియారం భక్తవత్సలానివి. మిగిలిన పై పళ్ళు ఈ క్లినిక్కులో ఉన్న ఆయన పళ్ళ ప్లాస్టర్ అచ్చుతో అతికినట్టు సరిపోయాయని మద్రాసు నిపుణుడు సంతకం పెట్టాడు. మంగళవారమే బజారు నడిబొడ్డున మేనమామ చొక్కా పట్టుకుని "నీ దొంగసరుకుతో నా పేరు కూడా చెడిపోతాంది" అని అరిచిన వీరాసామి ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు.

అశ్వత్థనారాయణకి ఒక్కటే మింగుడుపడలేదు. పడవల మీద దిగుతున్న విదేశీ సరుకు సంగతి అడగడానికి కస్టమ్స్‌వాళ్ళు భక్తవత్సలాన్ని గురువారం రమ్మన్నారు. మనిషి బుధవారానికల్లా శవమై కూర్చున్నాడు. చావు ఇంత సదుపాయంగా వస్తుందా?

బయట బెంచీ మీద అలివేలు కూర్చుని ఉంది. చచ్చినవాడికి చెల్లెలు, చంపాడంటున్నవాడికి తల్లి. ఎవరికోసం ఏడవాలో తెలియక ఏడుపే మానేసింది పాపం. అశ్వత్థనారాయణని పిలిపించింది ఆవిడే. "నా బిడ్డ నోరు చెడ్డది నాయనా, చెయ్యి మంచిది," అంది. ఆ ఒక్క మాట పట్టుకునే అతను ఈ కేసులో దిగాడు.

క్లినిక్కు యజమాని డాక్టర్ బాలకృష్ణన్ తెల్లకోటు గుండీలు సర్దుకుంటూ వచ్చాడు. భక్తవత్సలానికి స్వయానా బావమరిది. బావ పోయిన దుఃఖం ముఖంలో కొలతకి సరిపడా ఉంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"డాక్టర్‌గారూ, పోలీసులకి ఆ అచ్చు ఇచ్చింది మీరే కదా?"

"ఆమా. బుధవారం సాయంత్రం ఇన్‌స్పెక్టర్ అడిగినాడు, బీరువా తీసి ఇచ్చినాను."

"పై అచ్చు ఒక్కటే ఇచ్చినారు."

"శవానికి కింది దవడ యాడుండాదయ్యా పోల్చేదానికి?"

"నిజమే. బీరువా తాళంచెవులు ఎన్ని?"

"ఒకటే. నా డ్రాయర్లోనే ఉంటాది. నా దగ్గర పనిచేసే గిరిజకి కావాలన్నా నన్ను అడిగి తీసుకోవాల, పని అయినాక నా చేతికే ఇయ్యాల." బాలకృష్ణన్ గొంతులో గర్వం తొణికింది. "నాకు తెలీకుండా ఈ క్లినిక్కులో ఒక పన్ను కదలదు."

"క్రమశిక్షణ అంటే అట్లుండాల," అన్నాడు అశ్వత్థనారాయణ ఎంతో మర్యాదగా. అతను అంత మర్యాదగా మాట్లాడితే జాగ్రత్తపడాలని తెలిసినవాడు ఆ గదిలో శంకరన్ ఒక్కడే. ఆయన మీసం ఒకసారి కదిలింది.

"ఇప్పుడు ఆ అచ్చులుండే గది చూస్తాం."

ఆ గది గుమ్మం దగ్గర అందరూ ఆగాల్సి వచ్చింది. లోపల కంప్యూటర్ ఉంది. 1987లో పుదుచ్చేరిలో కంప్యూటరంటే దేవుడి గదితో సమానం, చెప్పులు బయటే విప్పాలి. శంకరన్ గొణుక్కుంటూ బూట్లు విప్పాడు. ఎడమ కాలి సాక్సులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. డిటెక్టివ్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, అది కూడా కావాలనే.

యంత్రం ముందు డాక్టర్ గిరిజ లేచి నిలబడింది. వంకర పళ్ళకి తీగలు వేసి సరిచేసే చదువు చదివి, రెండో ఉద్యోగంలా ఈ యంత్రాన్ని పెంచుతోంది. ఇవాళ ముఖం వాడిపోయి ఉంది.

"ఇదేం చేస్తాదమ్మా?" అడిగాడు అశ్వత్థనారాయణ.

"పళ్ళ డాక్టరు ఎట్లా ఆలోచిస్తాడో అట్లా ఆలోచిస్తాది సార్. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటారు. వెనక పళ్ళు ఎట్లా కూర్చున్నాయి, ముందు పళ్ళ మధ్య సందెంత, అంచులు అరిగినాయా లేదా అని ఒక్కొక్కటే అడుగుతాది. మనం చెప్పే జవాబుల్ని నేను నేర్పిన రూల్స్‌తో కలిపి చూసి, ఈ నోట్లో పళ్ళు సరిగ్గా కలవకపోవడానికి కారణం ఇదీ అని చెప్తాది. నేర్పడానికి ఊళ్ళో ఎందరి దగ్గరో అచ్చులు తీసినాను. బజారు వ్యాపారులు, పిళ్ళైచావడి పడవలవాళ్ళు, ఎవరు నోరు తెరిస్తే వాళ్ళవి."

"మరి ముఖం అట్లా పెట్టినావేంది?"

గిరిజ బాలకృష్ణన్ వైపు ఓసారి చూసి తల దించుకుంది. "మూడేళ్ళ పని సార్. మంగళవారం మధ్యాహ్నం పాడైపోయింది. భక్తవత్సలంగారి అచ్చు దగ్గర ఆగి, మొండికేసింది."

"మంగళవారమా? బుధవారం కాదా?"

"మంగళవారమే..."

"మంగళవారమే!" బాలకృష్ణన్ మధ్యలో అందుకున్నాడు. "ఆ సాయంత్రమే చెప్పినాను ఈయమ్మకి, ఈ డబ్బా నీ బుర్ర తింటా ఉండాది, అదంతా తుడిచిపారెయ్ అని. నోట్లో చెయ్యి పెట్టి చూడాల్సిన పని పెట్టెకి చెప్తే ఇట్లే ఉంటాది."

అశ్వత్థనారాయణ ఆ మాటకి చాలా సంతోషించాడు. కానీ ఆ సంతోషాన్ని నాలుక కింద దాచుకున్నాడు.

"తుడిచేసినావా అమ్మా?"

"లేదు సార్. మనసొప్పలేదు."

గిరిజ మీటలు నొక్కింది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ఆమె చదివి చెప్పింది: జవాబులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, ఈ పై దవడా ఈ కింది దవడా ఒకే మనిషివి అయినట్టు లేదు.

శంకరన్ పకపకా నవ్వాడు. "ఇదా నీ సాక్షి? మద్రాసు డాక్టరు ఒక పక్క, ఈ టీవీ పెట్టె ఒక పక్క! జడ్జిగారు దీని చేత ప్రమాణం యాడ చేయిస్తాడు సి.ఎ.? ప్లగ్గు మీదా?"

"అమ్మా, ఎందుకని దాన్నే అడగొచ్చా?"

"అడగొచ్చు. అట్లా అడిగితే ఏ రూలు వల్ల ఆ మాటన్నదో చూపిస్తాది. మంగళవారం కూడా చూపించింది. ఆ రూలే నేను తప్పుగా రాసినాననుకున్నాను. డాక్టర్‌గారు అంత గట్టిగా చెప్పేసరికి దాన్ని తీసేద్దామని కూడా అనుకున్నాను."

"చదువు."

"కింది ముందు పళ్ళ అంచులు చిన్నప్పుడు మొలిచినప్పటి బొడిపెలతోనే ఉండాయి, రవ్వంత కూడా అరగలేదు. అంటే వాటికి ఎదురు పళ్ళు ఎప్పుడూ తగల్లేదు. కానీ పై ముందు పళ్ళు నున్నగా అరిగిపోయినాయి. రోజూ ఎదురు పళ్ళతో రాపాడినట్టు."

అశ్వత్థనారాయణ తెర దగ్గరికి జరిగాడు. "రోలు కొత్తగా ఉండి, రోకలి మటుకు అరుగుతాదా సార్?"

శంకరన్ నవ్వు సగంలో ఆగింది.

"ఆ పై అచ్చు మీ సంచిలో ఉండాది కదా. ఇట్లివ్వండి."

అచ్చు పని చేసే పద్ధతి ఒకటుంది, పళ్ళ డాక్టర్లకి అది ప్రాణం. పైదీ కిందిదీ కలిపి, పళ్ళు సరిగ్గా మూసుకున్న భంగిమలోనే రెండింటి వెనక భాగాల్నీ ఒకే వరసలో చదునుగా చెక్కుతారు. ఆ తరవాత ఎప్పుడైనా సరే, రెండింటినీ ఆ వీపుల మీద నిలబెట్టి దగ్గరికి జరిపితే నోరు దానంతటదే మూసుకోవాలి. గిరిజ రెండు అచ్చుల్నీ గాజుబల్ల మీద నిలబెట్టి జరిపింది. అవి కలవలేదు. పక్కకి జరిపినా కలవలేదు. సంబంధం కుదరని వియ్యంకుల్లా చెరో వైపు చూస్తూ నిలబడ్డాయి.

డిటెక్టివ్ పై అచ్చుని తిరగేశాడు. బీరువాలో ఉన్న అచ్చులన్నీ నాళ్ళు గడిచి లేత పసుపుకి తిరిగాయి. ఇది కూడా అంతే, ఒక్క అడుగు భాగం తప్ప. నంబరు రాసిన ఆ చోటు మాత్రం కొత్త సున్నం వేసినట్టు తెల్లగా ఉంది.

"గీకి, మళ్ళీ రాసినారు," అన్నాడు.

"కింద పడి పెచ్చు లేసుంటాది, సరిచేసుంటారు," అన్నాడు బాలకృష్ణన్. "ప్లాస్టర్ అన్నాక..."

"కావచ్చు డాక్టర్‌గారూ. మీరు చెప్పిందే నిజమైతే గొడవ లేదు. కానీ ఎవరో ఈ పై అచ్చుని తెచ్చి ఇక్కడ పెట్టుంటే, దీన్ని పోగొట్టుకున్న నోరు ఇంకోటి ఇదే బీరువాలో ఉండాల. గిరిజమ్మా, మంగళవారం యాడ ఆపినావో ఆణ్ణుంచి మొదలుపెట్టు."

శంకరన్ గడియారం చూసుకున్నాడు, కానీ బయటికి పోలేదు.

గిరిజ ఒక్కో పై అచ్చు తీసి కొలిచి చెబుతూ పోయింది. ఆమె పద్ధతి ఆమెది. సోమవారమంతా కింది అచ్చుల్ని బల్ల మీద పరుచుకుని వాటి కొలతలన్నీ ఎక్కించి, మంగళవారం పై అచ్చులు మొదలుపెట్టింది. యంత్రం ఇప్పుడు ఎక్కడా తడబడలేదు. ఈ నోట్లో కింది దవడ వెనక్కుంది, ఈ నోట్లో పళ్ళు ఎక్కువ, చోటు తక్కువ, ఈ నోటికి ఏ జబ్బూ లేదు, ఊరికే కంగారుపడ్డారు. పాతికేళ్ళ అనుభవమున్న డాక్టరులా చకచకా చెప్పుకుపోయింది. వింటున్నకొద్దీ గిరిజ వెన్ను నిటారైంది. బాలకృష్ణన్ నుదుటి మీద మాత్రం ఏసీ గదిలో చెమట పట్టింది.

ఉన్నట్టుండి యంత్రం ఆగింది. అదే ఆకుపచ్చ మాట. ఈ పై దవడా ఈ కింది దవడా ఒకే మనిషివి అయినట్టు లేదు.

ఈసారి తిరగబడి ఉంది. కింది పళ్ళు అరిగాయి, పై పళ్ళకి బొడిపెలు అలాగే ఉన్నాయి. గిరిజ దాన్ని తిరగేసింది. అడుగు భాగం తెల్లగా ఉంది.

"ఎవరిదమ్మా ఇది?"

"పిళ్ళైచావడి మారిముత్తుది సార్. పడవ నడిపేవాడు. అచ్చు తీస్తా ఉంటే గిలిగింతలు అని ఒకటే నవ్వు. మూడుసార్లు తీయాల్సొచ్చింది. వలతాడు పళ్ళతో కొరికి కొరికి అన్నీ అరగదీసుకున్నాడు."

శంకరన్ ముఖంలో రంగు దిగిపోవడం అశ్వత్థనారాయణ చూశాడు.

"సార్?"

"నిన్న వాడి పెండ్లాం స్టేషనుకొచ్చింది," అన్నాడు శంకరన్ మెల్లగా. "మంగళవారం సాయంత్రం భక్తవత్సలంగారు పిలిచినారని పోయినోడు తిరిగి రాలేదని. పడవలోడు రెండు దినాలు రాకుంటే అదొక కేసా అని పంపించేసినా."

ఇంకో సందర్భంలో అయితే అశ్వత్థనారాయణ ఆ మాటని ఏడాదిపాటు వాడుకునేవాడు. ఇప్పుడు మాత్రం శంకరన్ భుజం మీద చెయ్యి వేశాడు. తరవాత ఆ రెండు పై అచ్చుల్నీ తీసుకుని, ఒకదాని స్థానంలో ఒకటి పెట్టాడు.

టక్కుమని మూసుకుంది మారిముత్తు నోరు. వీపు వీపు కలిసి, పన్నుకి పన్ను దొరికి, పిసరు సందు లేకుండా. భక్తవత్సలం అచ్చు కూడా వీపుల మీద నిలబెట్టగానే కుదురుగా కూర్చుంది. వెనక పళ్ళు కలిశాయి. ముందు పళ్ళ మధ్య వేలు దూరే సందు మిగిలింది. గిరిజ కొత్త కొలతలు చెప్పింది. ఈసారి యంత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముందు పళ్ళు పుట్టుకతోనే కలవని నోరు, అంది. అనుమానం లేదు, అంది.

"నా రూలు తప్పు కాదు!" గిరిజ కేక పెట్టింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, వెంటనే సిగ్గుపడి, మళ్ళీ కొట్టింది. కళ్ళ నిండా నీళ్ళు. "సార్, అది మంగళవారమే చెప్పింది! నేనే నమ్మలేదు!"

"అదే కదమ్మా దీని గొప్ప. మంగళవారం చెప్పింది." అశ్వత్థనారాయణ నెమ్మదిగా బాలకృష్ణన్ వైపు తిరిగాడు. "శవం దొరికింది బుధవారం. ఆ శవానికి కింది దవడ ఉండదని, పై పళ్ళు ఒక్కటే పోలుస్తారని బుధవారం పొద్దున దాకా ఎవరికీ తెలీదు. కానీ అచ్చులు మంగళవారం మధ్యాహ్నానికే మారిపోయి ఉండాయి. సోమవారం రాత్రి కింది అచ్చులు గిరిజమ్మ బల్ల మీద ఉన్నాయి, బీరువాలో పైవి మటుకే ఉన్నాయి. ఉన్నవే మార్చినారు. కింది దవడని ఎట్లాగూ నుజ్జు చేసేది ఉండాది కదా, దాంతో పనేముంది అనుకున్నారు. మారిముత్తు అప్పటికి ఇంకా ఇంట్లో కూర్చుని కూడు తింటా ఉండాడు."

"ఎవరైనా తీసుండొచ్చు..."

"తాళంచెవి ఒకటే. మీ డ్రాయర్లో. మీకు తెలీకుండా ఒక పన్ను కదలదు." డిటెక్టివ్ గొంతు మొదటిసారి కటువైంది. "కస్టమ్స్‌వాళ్ళకి సరుకు గుట్టు చెప్పగలిగినోడు మారిముత్తు ఒక్కడే. వాడు పోవాల, మీ బావ కూడా చచ్చిపోయినట్టు లెక్క తేలాల. ఒకే శవంతో రెండు పనులు. దానికి ఉరి మటుకు వీరాసామికి!"

బాలకృష్ణన్ ఒక్క ఉదుటున గాజుబల్ల మీదికి దూకి, చేత్తో ఊడ్చేశాడు. కానీ గిరిజ అంతకంటే ముందే నాలుగు అచ్చుల్నీ ఒళ్ళోకి లాక్కుని నేలమీద చతికిలబడింది. డాక్టరు తలుపు వైపు పరిగెత్తాడు. శంకరన్ సాక్సులతో ఆ నున్నటి నేలమీద గుమ్మం దాకా జారుకుంటూ వెళ్ళి, ఆఖరి క్షణంలో తెల్లకోటు కాలరు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి పడ్డారు. లేచింది మాత్రం శంకరన్ ఒక్కడే.

"వీరాసామిని వదిలేస్తా," అన్నాడు రొప్పుతూ. "జడ్జిగారి ముందు నేనే చెప్తా. తప్పు నాది." ఒక్క క్షణం ఆగి, యంత్రం వైపు చూసి, "దానికి ఎట్లా థ్యాంక్స్ చెప్పాలమ్మా?" అని గిరిజని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే.

గుమ్మంలో అలివేలు నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో ఎవరూ గమనించలేదు.

"మా అన్న బతికే ఉండాడా?"

"ఉండాడమ్మా," అన్నాడు అశ్వత్థనారాయణ. "మీ బిడ్డ ఎవర్నీ చంపలేదు."

ఆమె రెండు చేతులూ జోడించింది. రెండు రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. అన్న బతికాడు, కొడుకు బతికాడు. ఏ తల్లికి, ఏ చెల్లెలికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ ఏడుపు ఎంతోసేపు సాగలేదు. ఆమె చేతులు మెల్లగా విడిపోయాయి. ముఖం గట్టిపడింది. బతికున్న అన్న, తన కొడుకు మెడకి ఉరితాడు పడుతుంటే ఎక్కడో కూర్చుని చూస్తున్నాడు. ఆ సంగతి ఆమె మనసుకి అప్పుడు తగిలింది.

"సావిల్లు కదా, పొయ్యి వెలిగించకూడదని మా వదిన వసంతమ్మకి కూడు నేనే వండి పంపిస్తా ఉండాను," అంది. "నా బిడ్డ ఆమె తాళి తెంచినాడని ఊరంతా అంటా ఉండాది. అయినా ఆడబిడ్డ ఇంటి నుంచే పోవాల, అది మా వాడుక. ఆమె నా ముఖాన విసిరికొడుతుందని వణుక్కుంటా పంపినాను. మాట లేకుండా తీసుకుని తినింది. బిడ్డని తిట్టలేదు, నన్ను తిట్టలేదు. ఎంత పెద్ద మనసబ్బా అనుకున్నాను."

శంకరన్ డాక్టరు కాలరు మీద పట్టు బిగించాడు.

"పైగా ఇంకో క్యారియర్ కట్టమనింది. అరియాంకుప్పంలో మా తోపు కావలోడికట. పళ్ళు లేని ముసిలోడు, మురుకులు మెత్తగా దంచి పెట్టు అనింది. సావింట్లో మురుకులేంది వదినా అంటే మాట దాటేసింది. మా అన్నకి ముందు పళ్ళు కలవవు సార్. చిన్నప్పట్నుంచీ మురుకు దంచితే గాని తినలేడు. నా చేత్తోనే దంచి పంపినాను, రెండు దినాలు."

శంకరన్ పిడికిలి కింద బాలకృష్ణన్ విలవిల్లాడాడు. "అక్కా, పోవద్దు! బావ దగ్గర తుపాకి ఉండాది!"

"ఉండనీ." అలివేలు కొంగు నడుముకి దోపుకుంది. "జీపు తియ్యండి సార్. మీరు తలుపు తడితే కాలుస్తాడేమో. ఈ పూట క్యారియర్ నేనే తీసుకోని పోతా."